చర్చి కాలేజీలో... శుక్రవారం విందు

బిడ్డను చదువు కోసం దూరదేశం పంపే అమ్మ మొదట ఫీజెంతో అడగదు, ర్యాంకెంతో అడగదు. 'మరి అక్కడ తిండి ఎలా?' అంటుంది. ఈ బెంగ మన ఇళ్లకే సొంతం అనుకుంటాం. కాదు. అమెరికాలోనే పుట్టి పెరిగి, పక్క రాష్ట్రంలో కాలేజీకి వెళ్లే పిల్లల గురించి కూడా చాలా యూదు కుటుంబాల్లో ఇదే బెంగ. దానికి ఒక చిన్న కాలేజీ చెప్పిన జవాబు చూడాలంటే పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఆలెన్‌టౌన్‌ వెళ్లాలి.

న్యూయార్క్‌ నుంచి పడమరగా కారులో రెండు గంటల దారి. ఊరికి పడమటి వైపున, ఇళ్ల వీధుల మధ్య పచ్చికబయళ్లు, ఎర్ర తలుపుల భవనాలు, గోతిక్‌ శైలిలో రాతి చర్చి... అదే మ్యూలెన్‌బర్గ్‌ కాలేజీ. ఇలాంటివాటిని అక్కడ 'లిబరల్‌ ఆర్ట్స్‌ కాలేజీ' అంటారు. సాహిత్యం, సైన్సు, నాటకం, చరిత్ర... అన్నీ కలిపి నాలుగేళ్లు చదువుకోవచ్చు. విద్యార్థులంతా కలిపి రెండు వేలకు అటూ ఇటూ. పొద్దున లేస్తే అవే ముఖాలు!

గుంటూరు చుట్టం

ఈ కాలేజీ 1848లో పుట్టింది. 1867లో హెన్రీ మెల్కియార్‌ మ్యూలెన్‌బర్గ్‌ పేరు పెట్టుకుంది. ఆయన 1742లో జర్మనీ నుంచి పెన్సిల్వేనియా వచ్చిన లూథరన్‌ పాస్టరు. 1748లో అక్కడి లూథరన్‌ చర్చిలను ఒక సంఘంగా కూర్చాడు. సరిగ్గా ఆయన వచ్చిన నూరేళ్లకు, 1842లో, అదే సంఘం పంపిన ఫాదర్‌ హయ్యర్‌ గుంటూరులో అడుగుపెట్టాడు. గుంటూరు లూథరన్‌ బడులకు, ఆస్పత్రులకు మూలం ఆ రాకే. అలా చూస్తే ఈ కాలేజీ మనకు దూరపు చుట్టమే.

విశేషం ఏమిటంటే, లూథరన్‌ చర్చితో ఇప్పటికీ అనుబంధం ఉన్న ఈ కాలేజీలో 2010 ప్రాంతంలో దాదాపు మూడోవంతు విద్యార్థులు యూదులేనని అంచనా. ఈ మాట విలువ తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1922లో హార్వర్డ్‌ అధ్యక్షుడే తమ యూనివర్సిటీలో యూదుల సంఖ్యకు పరిమితి పెట్టాలని ప్రతిపాదించాడు. ఆ రోజుల్లో చాలా పేరున్న కాలేజీలు పైకి చెప్పకుండానే తలుపులు ఓరగా వేశాయి. అలాంటి దేశంలో ఒక చర్చి కాలేజీ యూదు పిల్లలకు ఇల్లులా మారింది.

రెండు వంటగదులు

సీటివ్వడం ఒక ఎత్తు, అన్నం పెట్టడం ఇంకో ఎత్తు. యూదుల భోజన నియమాలను 'కోషర్‌' అంటారు. పంది మాంసం, రొయ్యలు, పీతలు నిషిద్ధం. మాంసం, పాలు కలవకూడదు. ఒకే పూట వడ్డించకూడదు. అసలు ఒకే గిన్నెలో వండనే కూడదు. మడి వంట ఎరిగిన మన బామ్మలకు ఈ గొడవ ఇట్టే అర్థమవుతుంది.

2010లో కాలేజీ భోజనశాలలోనే 'నాషరీ' పేరుతో కోషర్‌ విభాగం తెరిచారు. 'నాష్‌' అంటే యూదుల యిడ్డిష్‌ భాషలో చిరుతిండి. ఒకవైపు మాంసం వంట, మరోవైపు పాల వంట. దేని సరంజామా దానిదే. అయితే ఎక్కడో మూలన విడిగా పెట్టలేదు. అందరూ తినే హాల్లోనే పెట్టారు. ఎవరైనా వచ్చి తినొచ్చు. పాలవైపు మాంసం ఉండదు కనుక మన శాకాహారులకూ కొంత నిశ్చింత. కాకపోతే చేప, గుడ్డు కోషర్‌ లెక్కలో మాంసం కావు. అడిగి వడ్డించుకోవాలి!

నాలుగున్నరకే పొద్దుగూకితే...

శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటిపడే దాకా యూదులకు విశ్రాంతి దినం. దానిపేరు 'షబ్బాత్‌'. నిష్ఠగా పాటించేవాళ్లు స్విచ్‌ వేయరు, కారెక్కరు, పెన్ను పట్టరు. మన చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో 'బెనె ఎఫ్రాయిమ్‌' పేరుతో యూదు ఆచారాలు పాటించే తెలుగు కుటుంబాలకూ ఇదే పవిత్ర దినం.

ఆలెన్‌టౌన్‌లో డిసెంబరు వస్తే సాయంత్రం నాలుగున్నరకే పొద్దుగూకుతుంది. దానికి 18 నిమిషాల ముందే కొవ్వొత్తులు వెలిగించాలి. శుక్రవారం మధ్యాహ్నం ల్యాబ్‌ ఉన్నవాళ్ల అవస్థ ఊహించుకోండి. గది తలుపు ఎలక్ట్రానిక్‌ కార్డుతో తెరుచుకునేదైతే అదో చిక్కు. సెప్టెంబరు, అక్టోబరుల్లో చదువులు ఊపందుకునే వేళకు పెద్ద పండుగలు. పరీక్షలు దగ్గరపడే వసంతంలో ఎనిమిది రోజులు రొట్టె ముట్టని 'పాసోవర్‌'. ప్రతిసారీ లెక్చరర్‌ దగ్గరకెళ్లి సెలవడగాలి.

ఇన్ని చిక్కుల మధ్య ఆసరా 'హిల్లెల్‌'. 1923లో ఇలినాయ్‌ యూనివర్సిటీలో మొదలైన యూదు విద్యార్థి సంస్థ ఇది. మ్యూలెన్‌బర్గ్‌లోనూ దానికో ఇల్లుంది. షబ్బాత్‌ విందంటే తెల్లని బట్ట పరిచిన బల్ల, జడలా అల్లిన 'హల్లా' రొట్టెలు, ద్రాక్షరసం మీద ప్రార్థన, పాటలు. యూదులు కాని స్నేహితులు కూడా వచ్చి కూర్చుంటారు.

పదో మనిషి

పూర్తి సామూహిక ప్రార్థనకు కనీసం పదిమంది ఉండాలి. సంప్రదాయవాదులు మగవాళ్లనే లెక్కిస్తారు. మిగతావాళ్లు ఆడపిల్లలనూ కలుపుతారు. పెద్ద యూనివర్సిటీలో ఒక్కో శాఖకు ఒక్కో గది, ఒక్కో గుంపు. చిన్న కాలేజీలో ఆ వెసులుబాటు ఉండదు. తొమ్మిదిమంది వచ్చి కూర్చుంటే, పదో మనిషి కోసం హాస్టల్‌ గది తలుపు తట్టాల్సిందే. దేవుణ్ని నమ్మే కుర్రాడు, అంతగా నమ్మని అమ్మాయి ఒకే బల్ల దగ్గర సర్దుకోవాలి. చిన్న చోటు నేర్పే పాఠం ఇదే. నచ్చనివాణ్ని వదులుకునే స్తోమత అక్కడ ఎవరికీ ఉండదు.

ఆ పాఠానికి గట్టి పరీక్ష కూడా వచ్చింది. 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్‌ మీద హమాస్‌ దాడి, ఆ తర్వాత గాజా యుద్ధం అమెరికా కాలేజీలను రెండుగా చీల్చాయి. తలమీద 'కిప్పా' టోపీ పెట్టుకుని బయటికెళ్లడానికి జంకిన యూదు విద్యార్థులున్నారు. యుద్ధం ఆపమంటూ నినాదాలిచ్చిన యూదు విద్యార్థులూ ఉన్నారు. ఈ కాలేజీ కూడా ఆ వాదనల వేడి తప్పించుకోలేదు. అలాంటి రోజుల్లో ఒకే బల్ల దగ్గర కూర్చోవడం ప్రార్థన కంటే కష్టం.

అయినా శుక్రవారం ఆగదు. పొద్దుగూకే వేళకు కొవ్వొత్తి వెలిగించాలి, రొట్టె విరవాలి, పదోమనిషి కోసం తలుపు తట్టాలి. 'అక్కడ తిండి ఎలా?' అని అడిగే అమ్మ నిజానికి అడిగేది కూర గురించి కాదేమో... 'నువ్వు రాకపోతే వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఉన్నారా?' అనే కదా!