బతికే ఉంది, పలకదు

మా ఊళ్లో ఆదివారం తెలుగు బడికి 60 మంది దాకా పిల్లలొస్తారు. ఉదయం 7 గంటలకు డేటాబేస్ చూసి, క్లాసు రద్దని ఉంటే తల్లిదండ్రులందరికీ మెసేజ్ పంపే చిన్న ప్రోగ్రాం ఒకటి సర్వర్‌లో నడుస్తుంటుంది. దాన్ని రాసినాయన వేరే రాష్ట్రం వెళ్తూ, "మీరు బీఎస్సీ కంప్యూటర్స్ కదండీ" అని నాకు అప్పజెప్పారు. ఉద్యోగం చెయ్యని ఆడవాళ్లకి బోలెడు తీరిక అని అందరికీ గట్టి నమ్మకం. సరే, అది వేరే కథ.

జనవరిలో ఒక మంచు ఆదివారం ఆ మెసేజ్ వెళ్లలేదు. ఇద్దరు పిల్లల్ని వేసుకుని 40 మైళ్లు వచ్చినావిడ, తాళం వేసిన తలుపు ముందు నించుని ఫోన్ చేసింది. "ఏంటక్కా, ఒక్క మాట చెప్పొచ్చుగా!"

సర్వర్‌లో చూస్తే 'ఆక్టివ్, రన్నింగ్' అని పచ్చగా ఉంది. లాగ్‌లో మాత్రం 'మైఎస్‌క్యూఎల్ సర్వర్ హాజ్ గాన్ అవే'. ఎవరూ మాట్లాడని కనెక్షన్‌ని మైఎస్‌క్యూఎల్, సెట్టింగ్ మార్చకపోతే, 28,800 సెకన్లు, అంటే 8 గంటలు చూసి తెంచేస్తుంది. మామూలుగా అర్ధరాత్రి దాకా ఎవరో ఒకరు ఏదో నమోదు చేస్తూనే ఉంటారు. ఆ శనివారం 9 తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. తెల్లారి మన ప్రోగ్రాం తెగిపోయిన ఫోన్ పట్టుకుని హలో హలో అంటోంది. అసలు చచ్చిపోయుంటే సిస్టమ్‌డీ మళ్లీ లేపేది. తప్పొస్తే లాగ్‌లో రాసి ముందుకెళ్లమని ఉండటంతో చావనూ లేదు.

"రోజూ ఒకసారి రీస్టార్ట్ చేసేలా పెట్టెయ్" అన్నారు మావారు. నాకు నచ్చలేదు. డేటాబేస్ మధ్యాహ్నం పోతే?

ఎస్‌క్యూఎల్ ఆల్కెమీలో 'పూల్ ప్రీ పింగ్' అని ఉంది. వాడే ముందు కనెక్షన్ బతికుందా అని అడిగి, లేకపోతే కొత్తది తెరుస్తుంది. సగం పని దాంతోనే అయిపోయింది. డేటాబేసే పడిపోతే 1, 2, 4, 8 సెకన్లు ఆగుతూ ప్రయత్నించి, అప్పటికీ కుదరకపోతే ప్రోగ్రాం తనంతట తానే ఆగిపోవాలి. ఆపైన సిస్టమ్‌డీ లేపుతుంది. 'రీస్టార్ట్' అని చెప్పి వదిలేస్తే చాలదు, జాగ్రత్త! అది సెకనులో పదో వంతు మాత్రమే ఆగి లేపుతుంది, 10 సెకన్లలో 5 సార్లు మొదలుపెట్టాక ఇక వదిలేస్తుంది. నేను 30 సెకన్ల విరామం పెట్టాను.

మా నాన్నగారి పొలంలో బోరు మోటారుకి ఆటో స్టార్టర్ ఉండేది. కరెంటు రాగానే చుట్టుపక్కల మోటార్లన్నీ ఒక్కసారే లేచి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయేది. బడికి ఇలాంటి ప్రోగ్రాంలు ఇంకో రెండున్నాయి. అందుకే మూడింటి విరామాల్లోనూ కాస్త తేడా పెట్టాను.

ఇంకొకటి. సగం మందికి పంపాక కనెక్షన్ పోతే? ఒక్కొక్కరికి వెళ్లగానే వాళ్ల పేరు పక్కన 'పంపాం' అని రాయిస్తున్నాను. సరిగ్గా ఆ క్షణంలోనే తెగితే ఒకరికి రెండుసార్లు వెళ్తుంది, వెళ్లనీ.

ఇప్పుడు శుక్రవారం రాత్రి పిల్లలు పడుకున్నాక డేటాబేస్‌ని కావాలనే ఆపి, పది నిమిషాలకి మళ్లీ పెట్టి, మూడూ లేచాయో లేదో చూస్తున్నాను. మావారు దీనికి శుక్రవారం పూజ అని పేరు పెట్టారు.