గోగునార

"మాది గజపతినగరం" అంటే చాలామంది "ఓ, రాజుల ఊరా?" అంటారు. పేరు అలాంటిది మరి, పూసపాటి వారి బిరుదు కదా గజపతి. విజయనగరం కోట, 1757 బొబ్బిలి యుద్ధం, అన్నీ స్కూల్లో చదువుకున్నాం. కానీ నా చిన్నప్పటి ఊళ్ళో రాజులెవరూ కనబడలేదండీ. గోగునార కనబడేది. కనబడటం కంటే ముందు వాసన వచ్చేది.

నేను పుట్టింది 1979లో. విజయనగరం జిల్లా పుట్టిందీ ఆ ఏడాదే, జూన్ 1న. అంతకుముందు మాది విశాఖపట్నం జిల్లా. మా నాన్నమ్మ ఆఖరిదాకా "మన వైజాగ్ జిల్లా" అనే అనేది. తర్వాత 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. అప్పటిదాకా తాలూకా ఆఫీసు పని మీద వచ్చే పల్లెల వాళ్ళతో బస్టాండు దగ్గర టీ కొట్లు కిటకిటలాడేవి. ఇటు సాలూరు వైపు బస్సులు, అటు రాయపూర్ రైలు దారి, పక్కన చంపావతి నది. అదీ మా ఊరు.

ఇక గోగు సంగతి. మనం పచ్చడి చేసుకునే గోంగూరకి చుట్టమే. లేతగా ఉన్నప్పుడు ఆకు కోసుకుంటే కూర, వదిలేస్తే మనిషిని మించి ఎదిగి నార. తొలకరికి చల్లేవారు. దసరా రోజులకి పసుపు పచ్చ పువ్వులు, మధ్యలో ముదురు ఎరుపు. పూత మీద ఉండగానే కోసి, కట్టలు కట్టి, ఆకు రాలేదాకా చేలోనే ఉంచి, ఆ తర్వాత గుంటలో ముంచేవారు. పైకి తేలిపోకుండా మీద పెద్ద పెద్ద రాళ్ళు. రెండు మూడు వారాలు అలా ఊరాలి. ఆ రోజుల్లో బస్సులో కళ్ళు మూసుకుని కూర్చున్నా ఊరు దగ్గర పడిందని ముక్కే చెప్పేది. కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్ళు నాలుగు రోజులు అన్నం తినలేకపోయేవారు. మాకు మాత్రం అది పండగ ముందు వాసన. నార అమ్మితేనే సంక్రాంతికి కొత్త బట్టలు.

నార తీయడం ఎక్కువగా ఆడవాళ్ళ పని. మాది ఎకరన్నర చేను. కూలికి వచ్చిన వాళ్ళతో పాటు అమ్మ కూడా దిగేది. కార్తీకంలో, తెల్లారగట్ల చలిలో, నడుము లోతు నల్లటి నీళ్ళలో. కాడ మొదలు దగ్గర చిదిమి, ఊడిన నార వేలికి చుట్టుకుని ఒక్క లాగు లాగితే, తెల్లటి పుల్ల ఒక చేతిలో, నార ఒక చేతిలో. చూడ్డానికి గారడీలా ఉండేది. బాగా ఉతికితే నార బంగారం రంగులో మెరిసేది, సరిగ్గా ఉతక్కపోతే నల్లగా ఉండిపోయేది. షావుకారు ఆ రంగు చూసే ధర కట్టేవాడు. అక్కడినుంచి జూట్ మిల్లులకి వెళ్ళిపోయేది. మిగిలిన పుల్లలు పొయ్యిలోకి, దడికి. మా పిల్లలకి కత్తులూ బాణాలూ అవే.

సాయంత్రం అమ్మ అన్నం కలపలేకపోయేది. వేళ్ళ సందులు ఒరిసి పుళ్ళు పడేవి. కొబ్బరినూనెలో పసుపు రంగరించి నాన్నమ్మ రాసేది. ఆ చేతుల వల్లే నేను విజయనగరంలో మూడేళ్ళు తెలుగు బి.ఎ. చదివాను. ఫీజూ, బస్సు పాసూ, ఒక జత చెప్పులూ, అన్నీ నార డబ్బే.

ధాన్యం, పంచదార గోనె సంచుల్లోనే నింపాలని 1987లో చట్టం వచ్చింది. అయినా ఎరువుకీ సిమెంటుకీ ప్లాస్టిక్ సంచులు రానే వచ్చాయి. గుంటల్లో నీళ్ళు తగ్గాయి. ఆ నీళ్ళలో దిగే మనుషులూ తగ్గారు. మా చుట్టుపక్కల గోగు చేలన్నీ ఒక్కొక్కటిగా మొక్కజొన్న అయిపోయాయి. మా అమ్మాయికి గోగు అంటే ఏమిటో నేను ఫోన్లో బొమ్మ చూపించాల్సి వచ్చింది.

మొన్న దసరాకి వెళ్తే తమ్ముడు చెప్పాడు, "అప్పా, గుంట పూడ్చేస్తున్నాను, ఇంటి స్థలాలకి అడుగుతున్నారు" అని. నాకు మనసు ఒప్పలేదు. నీళ్ళ కోసమైనా ఉంచమన్నాను. నాన్న ఉండగా తవ్వించిన గుంట, మన చదువులు దాన్లోంచే వచ్చాయన్నాను. పిల్లలకి చూపించడానికి ఏదో ఒకటి మిగలాలి కదా అన్నాను. వాడు ఏమీ మాట్లాడలేదు. బియ్యం ఏరుకుంటున్న అమ్మ తలెత్తింది.

"నీకేటే, గట్టు మీద నిల్సోని సూసేదానివి. దిగినోళ్ళం మేం. జలగలు పట్టింది మాకు. పూడ్సీమను."

నేను గుంట కోసం ఇంకేదో అనబోయాను. చేట పక్కన పెట్టి రెండు చేతులూ నా ముందు చాపింది. బొటనవేళ్ళు రెండూ ఓ పక్కకి వంగిపోయి ఉన్నాయి. ఇన్నేళ్ళూ ఆ చేతుల్తో అన్నం పెట్టించుకుంటూనే ఉన్నాను.

నీళ్ళ విషయంలో మాత్రం నా మాట నాదే. ఊళ్ళో బోర్లు ఎండిపోతున్నప్పుడు ఒక గుంట పూడ్చడం మంచిది కాదని తమ్ముడికి ఇప్పటికీ ఫోన్లో చెప్తూనే ఉన్నాను. వాడు సగం ఉంచుతానంటున్నాడు. చూడాలి.

అమ్మ మాత్రం వాణ్ణి ఒక్కటే అడిగింది. కట్టల మీద పెట్టే రాళ్ళలో రెండు పెరట్లో వేయించమని, బట్టలు ఉతుక్కోడానికి. ఇంట్లో వాషింగ్ మెషీన్ ఉంది. అయినా రాళ్ళు వచ్చాయి. పోయిన వారం వీడియో కాల్‌లో చూపించింది, ఒకదాని మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది.