సెలవుల్లో ఆకలి



సెలవులంటే అందరికీ సంతోషం. నాకూ సంతోషమే, కానీ కొంచెం భయం కూడా. "ఆకలి రుచి ఎరుగదు" అని పెద్దలు అన్నారు. ఆ మాట నాకు వేసవి సెలవుల్లోనే అర్థమైంది.

పోయిన జూన్‌లో బడి తెరిచాక తెలుగు మేడం "నేను వేసవి సెలవులు గడిపిన విధము" అని వ్యాసం రాయమన్నారు. మామయ్య ఊరు వెళ్ళి పనసపళ్ళు తిన్నానని రాశాను. పదికి ఎనిమిది మార్కులొచ్చాయి. మేడం, నన్ను క్షమించండి. అది అబద్ధం. ఇప్పుడు నిజం రాస్తున్నాను.

మా ఇంట్లో ఆరుగురం. రేషన్ కార్డులో ఐదు పేర్లే ఉన్నాయి, చిన్న చెల్లి పేరు ఇంకా ఎక్కలేదు. మనిషికి 5 కిలోల లెక్కన 25 కిలోల బియ్యం వస్తాయి. ఎంత పొదుపుగా వండినా ఇరవై రోజులకి అయిపోతాయి. చింతపండు అమ్మిన డబ్బులు మే నెలకే ఖర్చయిపోతాయి. చోళ్ళు చల్లేది వానలు పడ్డాక, కోసేది దసరా దాటాక. సరిగ్గా గింజలు లేని రోజుల్లోనే నేను ఇంటికి వెళ్తాను. తమ్ముడికి బడిలో మధ్యాహ్న భోజనం కూడా అప్పుడే ఆగిపోతుంది.

మా అవ్వ మామిడి టెంకల్లో జీడి తీసి, ఎండబెట్టి, దంచి, చేదు పోయేదాకా నీళ్ళలో నానబెట్టి అంబలి కాసేది. తాగితే కడుపు నిండినట్టే ఉంటుంది, రాత్రికి మళ్ళీ ఆకలి. అమ్మ "నాకు ఆకలి లేదు" అని కుండ కడిగేసేది. తమ్ముడు "అప్పా, మీ హాస్టల్ ఎప్పుడు తెరుస్తారు?" అని రోజూ అడిగేవాడు. నేను వెళ్ళిపోతే వాడికి గరిటెడు ఎక్కువ వస్తుందని వాడి ఆశ. నాకు కోపం రాలేదు. నేనూ అదే అనుకున్నాను.

ఏప్రిల్‌లో నా బరువు 36 కిలోలు, జూన్‌లో 33. నర్సమ్మ గారు అడిగితే జ్వరం వచ్చిందని చెప్పాను.

కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లో కూడా పిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టాలని 2004లో సుప్రీంకోర్టు చెప్పిందట. సోషల్ సార్ చెప్పారు. అంటే ఇది నా ఒక్కదాని కష్టం కాదు.

మన స్కూలుకి దాతలు వచ్చి దుప్పట్లు, బిస్కెట్లు ఇచ్చారు. వారికి కృతజ్ఞతలు. కానీ దానం ఏ నెలలో చేస్తే బాగుంటుందో కూడా వారికి చెప్పాలి. ఏప్రిల్‌లో మేము ఇంటికి వెళ్ళేరోజు చోళ్ళు, కందిపప్పు, నూనె ఇస్తే ఇంటిల్లిపాదీ తింటారు. పేర్లు ప్రార్థనలో చదవొద్దు. ఫోటోలు తీయొద్దు. సిగ్గుపడితే ఆకలి ఉన్నవాళ్ళే ముందుకు రారు.

మనం కూడా చేయొచ్చు. సంక్రాంతికి ఇళ్ళల్లో కొత్త చోళ్ళు ఉంటాయి. తిరిగి వచ్చేటప్పుడు ఉన్నవాళ్ళం తలా సోలెడు తెద్దాం. లేనివాళ్ళు తేనక్కరలేదు. వేపాకు వేసి గోనెసంచిలో దాచుకుందాం. మేడం గారు ఒప్పుకుంటే సంచి స్టోర్ రూంలో పెడదాం. వేసవిలో అవసరమైన వాళ్ళు చెప్పకుండా పట్టుకెళ్ళవచ్చు.

వచ్చే జూన్‌లో కూడా తెలుగు మేడం అదే వ్యాసం ఇస్తారు. ఈసారి నిజమే రాస్తాను.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి.