డెస్డిమోనా ఆఖరి అబద్ధం

బి.ఏ. చదివే రోజుల్లో మాకు షేక్‌స్పియర్ ‘ఒథెల్లో’ పాఠం ఉండేది. చివరి అంకం వచ్చేసరికి లెక్చరరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “చూశారా అమ్మాయిలూ, తనను చంపిన మొగుణ్ణి కూడా కాపాడుకున్న ఇల్లాలు!” అనేవారు. మా కర్చీఫులన్నీ తడిసి ముద్దయ్యేవి. అసలే అది కర్చీఫు కథ!

మొన్న అటక సర్దుతూంటే ఆ పుస్తకం చేతికి తగిలింది. పొయ్యిమీద పప్పు సంగతి మరిచి, నిలబడే చదివేశాను. పప్పు మాడింది. ఏడుపు మాత్రం రాలేదు. కోపం వచ్చింది.

కథ తెలియనివారికి రెండు ముక్కల్లో చెబుతాను. వెనిస్ నగరంలో గొప్పింటి పిల్ల డెస్డిమోనా. నల్లజాతి సేనాని ఒథెల్లోను ప్రేమించి, తండ్రికి చెప్పకుండా పెళ్ళాడి, అతనితో సైప్రస్ దీవికి వెళ్ళింది. ఇయాగో అనేవాడు ఆ మొగుడికి లేనిపోని అనుమానం నూరిపోశాడు. సాక్ష్యం స్ట్రాబెర్రీలు కుట్టిన చేతిరుమాలు! అంతే, పక్కమీదే ఊపిరాడకుండా చేసి చంపాడాయన. కొన ఊపిరితో ఉండగా పరిచారిక ఎమీలియా పరుగున వచ్చి ఎవరి పని ఇదని అడిగితే, ఎవరిదీ కాదని, తన చేతులారా తనే చేసుకున్నానని చెప్పి కన్నుమూసిందా వెర్రితల్లి.

ఈ పిల్ల పుట్టు పిరికిది కాదండీ. మొదటి అంకంలో, అర్ధరాత్రి కొలువుదీరిన సభలో, కన్నతండ్రి ఎదుటే తన పెళ్ళిని సమర్థించుకుంది. అంతమంది మగవాళ్ళముందు నోరు విప్పిన మనిషి, తీరా ఒక్క మొగుడిముందు రుమాలు పోయిందని చెప్పలేక, పోలేదని బొంకింది. మధ్యలో ఏమైంది?

ఒక్కటే అయింది. ఆమెకు వెనక్కి వెళ్ళే ఇల్లు లేకపోయింది. తండ్రి కాదన్నాడు. ఆ దిగులుతోనే ఆయన పోయాడని చివర్లో తెలుస్తుంది. మొగుడు నలుగురిలో చెంప ఛెళ్ళుమనిపించినప్పుడు పుట్టింటివైపు చుట్టం లొడొవికో అక్కడే ఉన్నాడు. ఇది తప్పన్నాడు, ఆమెను ఊరడించమన్నాడు. ఆ రాత్రే మర్యాదగా ఆమె దగ్గర సెలవు పుచ్చుకుని బయటికి నడిచాడు.

ఈ కథకు మూలం 1565లో చింతియో అనే ఇటలీ రచయిత అచ్చువేసిన కథ. అందులో మొగుడూ, ఆ దుర్మార్గుడూ కలిసి ఆమెను కొట్టి చంపి, ప్రమాదమని నమ్మించడానికి ఇంటి కప్పు కూల్చేస్తారు. షేక్‌స్పియర్ ఆ కప్పు కూల్చలేదు. ప్రమాదమని చెప్పే పని ఆ ఇల్లాలి నోటికే అప్పగించాడు. ఎంత తెలిసినవాడో చూడండి! ఆడదాని నోరుండగా కప్పు కూల్చే శ్రమ ఎందుకు?

మూలకథలో ఆ దుర్మార్గుడి భార్యకు అన్నీ తెలుసు, మొగుడి భయంతో పెదవి విప్పదు. షేక్‌స్పియర్ ఎమీలియా అలా కాదు. రుమాలు తీసి మొగుడి చేతికిచ్చిన పాపం ఆమెదే అయినా, నిజం తెలియగానే, ఇంటికి పొమ్మని మొగుడు గద్దించినా కదలకుండా అందరి ఎదుటా చెప్పేసింది. కత్తిపోటుకు ప్రాణమిచ్చింది. 1604 నవంబరు 1న లండన్ రాజభవనంలో రాజుగారి ఎదుట ఈ నాటకం ఆడినట్టు దాఖలా ఉంది. ఆ రోజుల్లో ఆడవేషాలు మగపిల్లలే కట్టేవారు. అయినా ఆ మాటలు ఆడవాళ్ళవే!

ఇంతకీ నా కోపం డెస్డిమోనా మీద కాదు. పోయిన సంక్రాంతికి మా పెద్దమ్మ కూతురి ఇంటికి వెళ్ళాను. కంటికింద నల్లగా కమిలి ఉంది. “ఇదేమిటక్కయ్యా?” అన్నాను. “బాత్రూములో కాలు జారిందే” అంది, బావగారి కాఫీలో పంచదార కలుపుతూ. నేను “జాగ్రత్త అక్కయ్యా” అన్నాను. కమ్మగా భోంచేసి, బొట్టు పెట్టించుకుని, జాకెట్టుగుడ్డ పుచ్చుకుని బస్సెక్కాను. అచ్చం లొడొవికోలాగే!

మాడిన గిన్నె నానబెట్టి ఫోను చేశాను. “అక్కయ్యా, ఆరోజు జారింది నిజంగా కాలేనా?” అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు. పెట్టేసిందేమో అనుకున్నాను.

“నువ్వు మళ్ళీ ఎప్పుడొస్తావే?” అంది చివరికి.

రేపు పొద్దున బస్సుకి వెళుతున్నాను. ఈసారి జాకెట్టుగుడ్డ కోసం కాదు. తనే వస్తానంటే, తిరుగు టిక్కెట్లు రెండు తీసుకుంటాను.