కొత్త రైఫిలు... పది తూటాలు

"తుపాకీ గిపాకీ పట్టుకోమాకే తల్లీ. ఆ కవాతేదో చేసుకుని ఇంటికి రా!"

పది రోజుల ఎన్‌సీసీ క్యాంపుకు బట్టలు సర్దుకుంటున్న మనవరాలితో నాయనమ్మ అన్న మాట ఇది. ఆ అమ్మాయి 'సరేలే' అంది. అబద్ధమే. ఎన్‌సీసీలో పేరిచ్చిన రోజు నుంచీ తను ఎదురుచూస్తున్నది తుపాకీ కోసమే మరి.

వాళ్లది గురజాల దగ్గర ఓ పల్లె. నాన్న రెండెకరాల సొంత చేనుకు తోడు ఇంకో మూడెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేస్తాడు. అమ్మాయి నరసరావుపేటలో డిగ్రీ రెండో ఏడాది. హాస్టల్లో ఉండి చదువుతోంది. పోలీసు ఉద్యోగమో, పట్టాళమో... ఏదో ఒక యూనిఫాం వేసుకోవాలని పట్టుదల. ఇంట్లో వాళ్లకూ అభ్యంతరం లేదు. యూనిఫాం వరకూ సరే. దాంతోపాటు వచ్చే తుపాకీతోనే పేచీ అంతా.

దానికి కారణం తాతయ్య కుడిచెయ్యి. ఆ చేతికి బొటనవేలు, చూపుడువేలు మాత్రమే ఉన్నాయి. 2001లో పంచాయతీ ఎన్నికలయిన వారానికి, పొద్దుగూకే వేళ ఎడ్లను తోలుకుని ఇంటికి వస్తుంటే వీధి మలుపులో నాటుబాంబు పడింది. ఆయన కోసం వేసింది కాదది. ఈ పార్టీకీ ఆ పార్టీకీ చెందని మనిషాయన. ఎవరికో విసిరితే ఈయన చేతిని తీసుకుపోయింది. విసిరిందెవరో ఊరంతా తెలుసు. సాక్ష్యం చెప్పడానికి మాత్రం ఒక్కరూ రాలేదు. అమ్మాయి పుట్టేసరికే ఆ మూడు వేళ్లూ లేవు. చిన్నప్పుడు తాతలందరి చేతులూ అలాగే ఉంటాయనుకునేది!

పల్నాడులో 'ఢాం' అనే శబ్దానికి చాలా అర్థాలున్నాయి. పిడుగురాళ్ల వైపు సున్నపురాయి క్వారీల్లో బ్లాస్టింగ్ కావచ్చు. పెళ్లి ఊరేగింపు కావచ్చు. ఇంకేదైనా కూడా కావచ్చు. ఎన్నికల రోజుల్లో ఆ మూడో అర్థమే ముందు గుర్తొస్తుంది. 2024 మేలో పోలింగ్ రోజున, ఆ తర్వాతా జరిగిన గొడవలతో జిల్లాలో 144 సెక్షన్ పెట్టారు. మాచర్ల, నరసరావుపేట పేర్లు రోజూ టీవీల్లో మోగిపోయాయి. ఆ వారమంతా నాయనమ్మ సాయంత్రం ఆరింటికే తలుపు గడియ వేసి, మంచినీళ్ల బిందె కూడా లోపలికి తెచ్చుకుంది.

నిజానికి ఇది ఆయుధాన్ని దేవుడిలా చూసుకునే నేల. కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు వీరుల ఉత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు... పల్నాటి యుద్ధంలోని ఒక్కో ఘట్టానికీ ఒక్కో రోజు. ఎక్కడెక్కడి నుంచో వీరాచారవంతులు కొణతాలు పట్టుకుని వస్తారు. తాతయ్య భుజమ్మీద కూర్చుని ఆ తిరునాళ్ల చూసిన పిల్లే ఈ అమ్మాయి. కత్తికి అంత గౌరవం ఉంది. తుపాకీకే ఇక్కడ మంచి పేరు లేదు. పుల్లరి కట్టబోమని ఎదురుతిరిగిన కన్నెగంటి హనుమంతును 1922 ఫిబ్రవరిలో పోలీసుల తూటాలు పొట్టన పెట్టుకున్నాయి. ఆ కథ తెలియని ఇల్లు ఈ చుట్టుపక్కల ఉండదు.

ఇదంతా బుర్రలో పెట్టుకునే ఆ డిసెంబరు పొద్దున ఆ అమ్మాయి ఫైరింగ్ రేంజ్‌లో బస్సు దిగింది.

రేంజ్ అంటే సినిమాల్లో చూపించే అద్దాల గది కాదు. రాళ్లనేల. ఎదురుగా నిలువెత్తు మట్టికట్ట. దాని ముందు కర్ర ఫ్రేములకు అంటించిన కాగితపు టార్గెట్లు. వాటికి 25 గజాల ఇవతల నేలమీద పరిచిన దరీలు. దూరంగా కోటప్పకొండ మూడు శిఖరాలూ మంచులోంచి అప్పుడప్పుడే బయటపడుతున్నాయి. చుట్టూ ఎర్రజెండాలు. గొర్రెలు తోలుకుంటూ ఒకాయన అటుగా వస్తే అతన్ని దాటించే దాకా అన్నీ ఆపేశారు. 'ఒక్క గొర్రెలకాపరి కోసం ఇంతమందిమి ఆగాలా' అని ఎవరో గొణిగారు. ఆగాలి. అక్కడ అదే రూలు.

నేర్పే హవల్దారుది శ్రీకాకుళం జిల్లా. ఎన్‌సీసీ మాటల్లో ఉస్తాద్. కమాండ్లన్నీ హిందీలో, తిట్లూ బుజ్జగింపులూ తెలుగులో. ఆ ఏడాది యూనిట్‌కు కొన్ని కొత్త రైఫిళ్లు వచ్చాయి. ఇంకా నూనె వాసన వదలని ఓ రైఫిలు ఆ అమ్మాయి చేతికొచ్చింది. ఆ పొద్దునే పుల్‌త్రూ తాడుకు చిందీ గుడ్డ కట్టి గొట్టంలోంచి లాగి శుభ్రం చేశారు. బోల్టు బిగువుగా ఉంది. పాతవాటిలా వేలితో తోస్తే జారడం లేదు. పాత రైఫిలు దొరికినవాళ్లు అసూయగా చూశారు కానీ, అసలు అదృష్టవంతులు వాళ్లేనని కాసేపటికి తేలింది.

అది .22 రైఫిలు. గొట్టం బెజ్జం 0.22 అంగుళాలు, అంటే దాదాపు 5.6 మిల్లీమీటర్లు. ఎన్‌సీసీ పాఠాల్లో ఉన్న లెక్క ప్రకారం .22 డీలక్స్ రైఫిలు పొడవు 43 అంగుళాలు, బరువు 6 పౌండ్ల 2 ఔన్సులు. మూడు కిలోలకు కాస్త తక్కువ. ఇందులో వేసే తూటాను రిమ్‌ఫైర్ అంటారు. పెద్ద తుపాకుల తూటాలకు అడుగున నట్టనడుమ చిన్న బిళ్ల ఉంటుంది. పిన్ను వెళ్లి దాన్ని పొడిస్తే తూటా పేలుతుంది. దీనికి ఆ బిళ్ల ఉండదు. అగ్గిపుల్ల తలలాంటి ఆ మందు అడుగు అంచు లోపలే చుట్టూ పరుచుకుని ఉంటుంది. అంచు మీద పిన్ను ఎక్కడ కొట్టినా చాలు. 1845 ప్రాంతంలో ఫ్లోబెర్ అనే ఫ్రెంచాయన ఇలాంటి తూటాకు ప్రాణం పోశాడు. ఇళ్లలో సరదాగా గురి చూసుకోవడానికట! ఇప్పుడు లోకమంతా వాడుతున్న .22 లాంగ్ రైఫిల్ తూటా 1887 నాటిది. చప్పుడు తక్కువ, భుజానికి తన్ను దాదాపు లేనట్టే, ఖరీదూ తక్కువ. అందుకే కొత్తవాళ్ల చేతికి మొదట దీన్నే ఇస్తారు. చిన్నదే కదా అని చులకన చేస్తే మాత్రం ఉస్తాద్ ఊరుకోడు. అడ్డేమీ లేకపోతే ఆ చిటికెన వేలి గోరంత సీసం ముక్క కిలోమీటరు దాటి పోతుంది మరి.

పారిస్ ఒలింపిక్స్‌లో మోగింది కూడా ఈ తూటానే. 2024 ఆగస్టు 1న స్వప్నిల్ కుశాలే 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో కాంస్యం తెచ్చాడు. కొల్హాపూర్ ప్రాంతం కుర్రాడు, రైల్వే ఉద్యోగి. ఆ పోటీలో పది మార్కుల వలయం అడ్డం 10.4 మిల్లీమీటర్లే. యాభై మీటర్ల దూరంలో చొక్కా గుండీని కొట్టడమన్నమాట. మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో పతకం కొట్టింది ఎయిర్ రైఫిల్‌తో. ఎయిర్ రైఫిలయితే సాధారణంగా లైసెన్సు గొడవ ఉండదు. .22కు అలా కుదరదు. 1959 నాటి ఆయుధ చట్టం కిందికి వస్తుంది కాబట్టి లైసెన్సు ఉండి తీరాలి. గురజాల పక్క పల్లెలో ఓ కౌలురైతు కూతురు ఈ రైఫిలును తాకగలిగే చోటు ఎన్‌సీసీ రేంజ్ ఒక్కటే.

"లేట్‌కర్ పొజిషన్!"

ఎనిమిది మంది దరీల మీద బోర్లా పడుకున్నారు. "పాంచ్ రౌండ్, భర్!" అమ్మాయి మ్యాగజైన్ పెట్టి బోల్టు తోసింది. వెనక సైటు, ముందు సైటు కొన, టార్గెట్... మూడూ ఒక వరుసలోకి రావాలి. కన్ను మాత్రం ముందు సైటు కొన మీదే నిలవాలి, టార్గెట్ మసగ్గా కనపడినా ఫర్వాలేదు. ఊపిరి సగం వదిలి ఆపాలి. ట్రిగ్గర్ లాగకూడదు, నిమ్మకాయ పిండినట్టు మెల్లగా నొక్కాలి. ఇవన్నీ వారం రోజులుగా ఖాళీ రైఫిలుతో వందసార్లు చేసినవే.

"ఫైర్!"

పక్క దరీ మీది రైఫిలు పేలింది. అంతే, ఈ అమ్మాయి ఒళ్లంతా బిగుసుకుపోయింది. కళ్లు మూసుకుపోయాయి. వేలు దానంతటదే ట్రిగ్గర్ లాగేసింది. తూటా టార్గెట్ కాగితం కుడి మూలను చీల్చుకుంటూ మట్టికట్టలో దిగింది.

ఉస్తాద్ వచ్చి పక్కన కూర్చున్నాడు. తిడతాడనుకుంది. "ఏం గుర్తొచ్చిందమ్మా?" అన్నాడు. ఆమె జవాబు చెప్పలేదు. ఆయన మళ్లీ అడగలేదు. "సౌండు వినకు. వినబడిందంటే తూటా అప్పటికే వెళ్లిపోయిందన్నమాట. నీ పని ఎప్పుడో అయిపోయింది. ముందు సైటు కొనను చూస్తుండు, చాలు."

మిగతా నాలుగూ పేల్చడానికి ఆమెకు అందరికన్నా ఎక్కువసేపు పట్టింది. ఎవరూ తొందర పెట్టలేదు. చివరి తూటాకు కళ్లు మూతపడలేదని తనకే తెలిసింది. "ఖాలీ కర్!" అన్నాక బోల్టు తెరిచి, లోపల ఏమీ లేదని చూపించి లేచింది.

టార్గెట్ దగ్గరికి వెళ్లి చూస్తే ఏడుపొచ్చినంత పనయింది. నాలుగు చిల్లుల్లో ఒక్కటీ నల్లవృత్తం మధ్యలో లేదు. నాలుగూ కింద ఎడమ పక్కన పడ్డాయి. ఉస్తాద్ మాత్రం ఆ నాలుగింటి మీదా ఓ రూపాయి బిళ్ల పెట్టాడు. మూడు చిల్లులు బిళ్ల కింద దాక్కున్నాయి. నాలుగోది అంచుకు ఆనుకుని ఉంది.

"గ్రూపు బాగుందమ్మా. మధ్యలో పడకపోవడం నీ తప్పు కాదు, రైఫిలుది. కొత్తది కదా, ఇంకా జీరో చెయ్యలేదు."

ఎంత కొత్త రైఫిలయినా ఫ్యాక్టరీ నుంచి వచ్చినంత మాత్రాన చూసిన చోట కొట్టదు. ముందు నాలుగయిదు తూటాలు పేల్చి, అవి ఎటు పడుతున్నాయో చూసి, సైటు సరిచెయ్యాలి. మొదటి రోజు పని నిజానికి ఇదే. తూటాలు చెల్లాచెదురుగా పడితే రైఫిలును సరిచెయ్యడం కుదరదు. తప్పు మనిషిదో, తుపాకీదో ఎవరు చెప్పగలరు? ఒకేచోట పడితేనే చెప్పొచ్చు. ఇంకో తమాషా కూడా ఉంది. తూటాలు ఎడమకు పడుతుంటే ముందు సైటును కుడికి జరపాలనిపిస్తుంది ఎవరికైనా. కాదు, ఎడమకే జరపాలి. తప్పు ఎటు పోతే ముందు సైటు అటే పోవాలి. అప్పుడు దాన్ని మళ్లీ వరుసలోకి తేవడానికి గొట్టం కుడికి తిరుగుతుంది. ఆయుధాలు బాగుచేసే ఆయన చిన్న సుత్తితో రెండు దెబ్బలు వేసి, ఇంకేదో కాస్త సవరించి రైఫిలు తిరిగి ఇచ్చాడు.

రెండో విడత అయిదు తూటాలు. ఈసారి పక్క రైఫిలు చప్పుడు ఆమెకు వినిపించిందో లేదో గుర్తే లేదు. మూడు నల్లవృత్తంలో, రెండు దాని అంచున పడ్డాయి.

అంతా అయిపోయింది, బస్సెక్కడమే తరువాయి అనుకుంటుండగా వచ్చింది చిక్కు. వాళ్ల ఎనిమిది మందికీ తలా పది చొప్పున ఇచ్చినవి 80 తూటాలు. పేల్చాక మిగిలే ఇత్తడి గొట్టాలను అక్కడ ఖోఖాలంటారు. అవీ 80 ఉండాలి. లెక్కపెడితే 79! ఎనిమిది మందీ మోకాళ్ల మీద కూర్చుని రాళ్లన్నీ తిరగేశారు. జేబులు చూపించారు. బూట్లు విప్పి దులిపారు. ఎండ ఎక్కింది, పొద్దుటి ఉప్మా ఎప్పుడో అరిగిపోయింది. "ఖాళీదే కదా ఉస్తాద్, దాంతో ఎవరేం చేస్తారు?" అన్నాడో కుర్రాడు. "ఖాళీది దొరక్కపోతే నిండుది పేలిందో, ఎవరి జేబులోకి పోయిందో నాకెలా తెలుస్తుందిరా?" అన్నాడాయన. అరగంటకు దరీ మడతలో దొరికింది. ఆ తర్వాత ఒక్కొక్కరూ అటెన్షన్‌లో నిలబడి, తమ దగ్గర తూటా గానీ ఖోఖా గానీ ఏదీ లేదని చెప్పి మరీ బస్సెక్కారు.

గుర్తుగా ఒక్క ఖోఖా దాచుకోవాలని ఆ అమ్మాయికి ఉండేది. దక్కింది టార్గెట్ కాగితమే.

క్యాంపు అయ్యాక ఇంటికి వెళ్లి, రెండు రోజులు దాచి, మూడోరోజు రాత్రి తాతయ్య మంచం మీద ఆ కాగితం పరిచింది. నాయనమ్మ చూసి, "నేనేం చెప్పాను, నువ్వేం చేశావు?" అని విసురుగా వంటింట్లోకి పోయింది. తాతయ్య కాగితాన్ని బల్బు దగ్గరికి జరిపాడు. మిగిలిన ఆ చూపుడువేలితో చిల్లుల్ని ఒక్కొక్కటే తడిమాడు. మూలన చిరిగిన చోటు దగ్గర వేలు ఆగింది.

"ఇదేంది, ఇట్టా పోయింది?"

"మొదటిది తాతయ్యా. బెదిరిపోయా."

ఆయన తలూపాడు. ఆ సంగతి అక్కడితో వదిలేశాడు. తర్వాత ఖోఖా వెతికిన కథంతా చెప్పించుకున్నాడు. గొర్రెలకాపరి కోసం ఆగిన సంగతి రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"అయితే ఎవురు ఎన్ని పేల్చిందీ రాసుకుంటారా?"

"ఆఁ. పేరు రాసి పక్కన సంతకం కూడా పెట్టించుకుంటారు."

"సంతకం కూడానా!" అన్నాడాయన. కాసేపు ఆ కాగితం కేసే చూస్తూ కూర్చున్నాడు.

వంటింట్లోంచి నాయనమ్మ అన్నానికి పిలిచింది. ఎవరూ కదలకపోయేసరికి తనే వచ్చింది. కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి, రేషన్ కార్డు ఉండే ప్లాస్టిక్ కవర్లో దోపి, బీరువాలో పెట్టి తాళం వేసింది.