వచ్చిపోయే జబ్బు
ఎప్పుడూ ఉండే లోపాన్ని ఏ మెకానిక్ అయినా పట్టేస్తాడు. వచ్చిపోయేదే సతాయిస్తుంది. ఇరవై ఏళ్లు దాటిన ఎంపీఎఫ్ఐ కారు ఊళ్లో హాయిగా నడుస్తుంది. అరకు ఘాట్‌లో యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం నీరసిస్తుంది. కాసేపు ఆపితే మళ్లీ మామూలే. షెడ్డుకి తీసుకెళ్తే ఏ తేడా కనపడదు, జ్వరం తగ్గాక డాక్టరు దగ్గరికెళ్లిన రోగిలా.

స్కానర్‌లో కోడ్ లేదంటే లోపం లేదని కాదు. ఆ తరం కార్లలో చాలావాటికి పెట్రోలు ఒత్తిడి కొలిచే సెన్సారే ఉండదు. పంపు బలహీనపడినా కంప్యూటరుకి నేరుగా తెలియదు. అందుకే నా నమ్మకం ప్రెషర్ గేజ్ మీద. దాన్ని అద్దం బయట కట్టి, ఎత్తు ఎక్కుతూ చూడాలి. పెట్రోలు గొట్టాన్ని కారు లోపలికి మాత్రం తేకూడదు, నిప్పుతో చెలగాటం. చాలా బళ్లలో 3 బార్ చుట్టుపక్కల ఉండే ఒత్తిడి ఎత్తు ఎక్కేటప్పుడు పడిపోతే అనుమానం ఫిల్టరు మీద, పంపు మీద, దానికి అందే కరెంటు మీద. పడకపోతే వేడెక్కాక మొరాయించే కాయిల్‌నీ, క్రాంక్ సెన్సార్‌నీ, పూడుకుపోయిన క్యాటలిటిక్ కన్వర్టర్‌నీ చూడాలి.

ఊహమీద పార్టులు మార్చేవాళ్లంటే నాకు కోపం. పంపు మార్చేముందు దాని దగ్గర వోల్టేజీ కొలవరేం? రిలే లోపల టంకం పగిలి, వేడికి విడిపోతూ చల్లారితే అతుక్కునే బళ్లున్నాయి. తుప్పుపట్టిన ఎర్తు వైరూ అదే పని చేస్తుంది. మల్టీమీటరుతో తేలే విషయానికి కొత్త పంపు ఖర్చు బండి యజమాని ఎందుకు భరించాలి?