చేతి మీది చిన్న మచ్చ

మీ ఎడమచేతి పైభాగమున, భుజమునకు కొంచెము దిగువను, చిన్న గుండ్రని మచ్చ ఉన్నదేమో చూచుకొనండి. అది చిన్నతనములో వేసిన బి.సి.జి. సూది గుర్తు. క్షయరోగము కొరకైన ఈ టీకాను ఫ్రాన్సులో కాల్మెట్, గెరాన్ అను ఇద్దరు 13 సంవత్సరములు శ్రమించి సిద్ధపరచగా 1921లో మొదటిసారి ఒక శిశువుకు ఇచ్చిరి. మన దేశములో 1948లో ఈ పని మొదలైన చోట్లలో మన తెలుగువారి మదనపల్లె ఒకటి. పలు మిషన్లు కలిసి 1915లో తెరచిన క్షయ ఆసుపత్రి అక్కడి ఆరోగ్యవరములోనే ఉన్నది.

2020లో కరోనా వచ్చినప్పుడు ఈ మచ్చ మీద ఒక వదంతి పుట్టెను. అబ్దుల్లాపూర్‌మెట్‌లో మేము ఫోను చేసి పరామర్శించిన ఇండ్లలో ఆ మాట పలుమార్లు వింటిమి: "మనకు చిన్నప్పుడే సూది పడ్డది అయ్యగారూ, మనకేం గాదు." ఆ ధైర్యముతో ఒక పెద్దాయన మూతికి గుడ్డ లేకుండ అంగళ్లకు, పెండ్లిండ్లకు తిరిగెను. 2021 మే నెలలో ఆయనను సమాధి చేసితిమి. నలుగురమే ఉంటిమి. మాకు బాధ కలిగించునది ఏమనగా, ఆ వదంతి ఉత్త గాలిమాట కాదు. దానిలో కొంత నిజమున్నది.

మన రక్తములో కాపలా కాయు కణములు రెండు తెగలవి. ఒక తెగ ఫలానా క్రిమిని గుర్తుపెట్టుకొని, అది మరల వచ్చినప్పుడు పట్టుకొనును. రెండవ తెగ ఎవరు వచ్చినను మొదట ఎదిరించునది. దీనికి జ్ఞాపకము ఉండదని చాలకాలము అనుకొనిరి. నెదర్లాండ్స్‌లో పనిచేయు మిహాయ్ నెటియా, ఆయన తోటివారు 2011లో దీనికిని ఒక విధమైన జ్ఞాపకమున్నదని చెప్పి, శిక్షణ పొందిన రోగనిరోధకత అని పేరు పెట్టిరి. బి.సి.జి. వేయించుకొన్నవారి రక్తము మూడు నెలల తరువాత తీసి చూడగా, ఆ కణములు క్షయతో సంబంధము లేని క్రిములను సహితము ముందుకంటె గట్టిగా ఎదిరించెను.

దొంగలు పడిన ఇంటి కుక్కను చూచితిరా? ఆ రాత్రి మొదలు ఆకు కదిలినను లేచి మొరుగును. ఇదియు అట్టిదే. ఈ కణములు కొద్ది దినములే బ్రదుకును గాని, ఎముక మూలుగలోని తల్లి కణములు ఆ గుర్తును దాచి పుట్టబోవు వాటికి అందించుచున్నవి.

అయితే దీని మేలు అన్నిచోట్ల ఒకేలాగు లేదు. ఆఫ్రికాలోని గినీ బిస్సావులో తక్కువ బరువుతో పుట్టిన శిశువులకు వెంటనే ఈ సూది వేయగా మొదటి నెలలోని మరణములు తగ్గెను. పుదుచ్చేరి, చెన్నైలలో వేరొక రకపు బి.సి.జి.తో చూచినప్పుడు ఆ మేలు కనబడలేదు. ఇక కరోనా మాట. అయిదు దేశములలో సుమారు 4,000 మంది ఆసుపత్రి సిబ్బందిపై జరిగిన పరీక్ష ఫలితము 2023లో వచ్చినది. బి.సి.జి. వారిని కరోనా నుండి కాపాడలేదు. అప్పటికి మా పెద్దాయన పోయి రెండేండ్లు.

కుక్క అతిగా మొరిగినను ఇంటివారికి నిద్రలేదు గదా. ఎలుకలకు నాలుగు వారములు కొవ్వు మేత పెట్టి, తరువాత మామూలు మేతకు మార్చినను వాటి కణములు రెచ్చిపోయియే ఉండెనని 2018లో తేలినది. మన గుండె రక్తనాళములు పూడుకొనుటలో ఇట్టి రేగుడుకు పాలున్నదని పరిశోధకులు తలంచుచున్నారు. (క్రిస్మస్ అరిసెలు వద్దనువారు మా సంఘములో లేరు, మాతో సహా.)

ఇటీవల ఒక ఇంట ప్రార్థనకు వెళ్లగా, నెలన్నర బిడ్డకు సూది వేసినచోట వాచి చీము పట్టియున్నది. నానమ్మ పసుపు నూరి, పిన్నీసు కాల్చి చిదుపుటకు కూర్చున్నది. ఆగుమని చెప్పి ఏ.ఎన్.ఎం. సిస్టరును పిలిపించితిమి. "అది రావాల్సిందే అమ్మా. గిల్లొద్దు, ఏం రాయొద్దు, దానంతటదే మానుతది. చంకల గడ్డ కడితే మాత్రం డాక్టరుకు చూపియ్యాలె. పసిపిల్లల మెదడుకొచ్చే టీబీని ఆపేది ఇదే" అని ఆమె చెప్పెను.

"మరి మా పెద్ద మనుమరాలికి మచ్చే పడలే. మళ్ల ఏపియ్యాల్నా?"

"అక్కర్లేదమ్మా. మచ్చ లేకున్నా మళ్ల ఎయ్యరు."

నానమ్మ పసుపు గిన్నె తీసికొని వంటింటిలోనికి వెళ్లెను.